నిమిషం వీడియోలో రాకాసి గుండ్లు

అన్నేళ్లు పాఠం చెప్పినా జనగామలో నన్ను ఎవరూ గుర్తుపట్టలేదు. రిటైరయ్యే ముందు కొన్నాళ్లు ఫోన్ ముందు నిలబడ్డానో లేదో, బస్టాండు దగ్గర సోడా బండి పెట్టుకునే అతను కూడా "రీల్స్ మేడం, మల్లెప్పుడు పెడ్తరు?" అని పలకరించడం మొదలుపెట్టాడు. మొదట్లో ఒళ్లు మండేది. నేను హిస్టరీ లెక్చరర్‌నయ్యా అని సర్దిచెప్పేదాన్ని. తర్వాత అలవాటైంది. దాచుకోవడమెందుకు, కాస్త గర్వంగా కూడా ఉండేది.

ఇప్పుడు కొత్తగా కొలువుల్లో చేరిన పిల్లలు మా ఇంటికి వచ్చి, "మేడం, మా రీసెర్చిని కూడా రీల్స్‌లో పెడదామనుకుంటున్నాం, పెట్టొచ్చా?" అని అడుగుతుంటారు. పెట్టండి. వద్దనేవాళ్ల మాట చెవిన వేసుకోకండి. కానీ పెట్టే ముందు మాకు జరిగింది వినండి, ఆ తర్వాత మీ ఇష్టం.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మెట్ట చెలకల్లో మీరెప్పుడైనా నడిచి ఉంటే చూసే ఉంటారు. పెద్ద పెద్ద గుండ్లు గుండ్రంగా పాతి ఉంటాయి. మధ్యలో మూతలా ఒక బండ ఉంటుంది. ఊళ్లవాళ్లు వాటిని రాకాసి గుండ్లు అంటారు. అంత బరువును మనిషన్నవాడు ఎత్తలేడు గనక రాకాసులే తెచ్చి పెట్టి ఉంటాయని వాళ్ల లెక్క. అవి వేల ఏళ్ల కిందటి మనుషుల సమాధులు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు సెలవు దొరికితే చాలు, నేను వాటి వెంటే తిరిగాను. ఇంట్లో వాళ్లు అలిగినా తిరిగాను. వ్యాసాలు రాశాను. వాటిని చదివింది అచ్చుతప్పులు దిద్దినాయన, నేను. ఆయన కూడా చివరిదాకా చదివాడని నాకు నమ్మకం లేదు.

ఈలోగా గుండ్లు ఒక్కొక్కటే మాయమయ్యేవి. చెలక చదును చేసుకుంటూ రైతులు పక్కకు తోసేసేవాళ్లు. కొన్ని కంకర మిల్లుకు పోయేవి. నా వ్యాసం అచ్చయిందని సంబరపడి మళ్లీ ఆ ఊరికి వెళ్తే, వ్యాసంలో ఉన్న రాయి చేనులో ఉండేది కాదు. రైతును ఏమనగలం? ఆయనకు మేం ఎప్పుడైనా చెప్పామా? మేం చెప్పుకున్నదంతా మాలో మేమే, సెమినార్ హాళ్లలో, బిర్యానీ పొట్లాల మధ్య.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ అమ్మాయి మా కాలేజీకి గెస్ట్ లెక్చరర్‌గా వచ్చింది. రఘునాథపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఇంటి దగ్గర చిన్న కొడుకు. గెస్టు కొలువంటే మీకు తెలుసు, ఈ ఏడు ఉంటే వచ్చే ఏడు ఉంటుందన్న భరోసా లేదు. పీహెచ్‌డీ చేతికొస్తేనే గట్టి ఉద్యోగానికి దారి. ఆమె పరిశోధన కూడా ఈ గుండ్ల మీదే. భూపాలపల్లి వైపు ఒక ఊళ్లో, ఒక రైతు పత్తి చేను గట్టున, ఎవరూ కదిలించని మూడు సమాధులు దొరికాయి ఆమెకు. మూత తీయనివి, లోపలి మట్టి కూడా చెదరనివి. తవ్వకానికి అనుమతి కోసం దరఖాస్తు పెట్టుకుని ఏళ్ల తరబడి ఎదురుచూస్తోంది. ఆ మూడే ఆమె థీసిస్, ఆ మూడే ఆమె కొలువు.

ఒకరోజు స్టాఫ్ రూములో నా దగ్గరికి వచ్చి ఫోన్ చూపించింది. "మేడం, నేనొక రీల్ చేసిన. జర చూస్తరా?"

చూశాను. చేతులు కట్టుకుని, గోడకు కొట్టిన మేకులా నిలబడి, "బృహత్ శిలాయుగ సంస్కృతికి చెందిన నిర్మాణములు" అంటూ అప్పజెబుతోంది. చూసినవాళ్లు ఆమె తమ్ముడు, మరదలు, ఇంకో ఇద్దరు.

నాది మరిపెడ. మా నాయినది మిర్చి హోల్‌సేల్ దుకాణం. బేరానికి వచ్చినవాడికి ఆయన గోదాము గురించి, బస్తాల గురించి ముందు చెప్పేవాడు కాదు. గుప్పెడు మిర్చి తీసి చేతిలో పెట్టేవాడు. అతను విరిచి, వాసన చూసి, తుమ్మాక అప్పుడు మాట మొదలయ్యేది. ఆ అమ్మాయికి అదే చెప్పాను. "ముందుగాల చేతుల పెట్టు. ముచ్చట తర్వాత చెప్పు. ఇంట్లో మీ అవ్వతోటి ఎట్ల మాట్లాడ్తవో గట్లనే మాట్లాడు. గీ 'నిర్మాణములు' ఎవలకు కావాలె?"

ఆమె నవ్వింది. మర్నాడు పెట్టిన రీల్‌లో చెలకలో గుండు మీద చెయ్యి వేసి, "గీ రాయిని మోసిన మనిషికి మీ లెక్కనే నడుము నొప్పి లేసి ఉంటది" అని మొదలుపెట్టింది. జనం ఆగి చూశారు. ఇద్దరం కలిసి వరసగా చేయడం మొదలుపెట్టాం. ఊళ్ల నుంచి రైతులు ఫోటోలు పంపేవాళ్లు, "మా చేనుల గిట్లాంటిదే ఉన్నది, గిది గదేనా?" అని. ఒకాయన ట్రాక్టరు ఆపి మరీ ఫోన్ చేశాడు. నా వ్యాసాలన్నీ కలిసి కాపాడలేని రాయిని ఒక రీల్ కాపాడింది. ఆ రోజు నేను బజారుకు వెళ్లి స్టాఫ్ అందరికీ జిలేబీ తెచ్చాను.

అందరూ జిలేబీ తిన్నారు గానీ అందరికీ రుచించలేదు. వీడియో కింద ఎవరో, "ఈ యాసలో పాఠమా, సినిమాలో కామెడీ సీను అనుకున్నా" అని రాశాడు. ఆ అమ్మాయి చిన్నబుచ్చుకుంది. నాకు మాత్రం చిర్రెత్తుకొచ్చింది. మా ఊరి మాటను నవ్వులాటకు వాడుకున్న రోజులు చాలానే చూశాను, ఇక చాలు. "మల్ల గిదే మాటల ఇంకోటి చెయ్, జర గట్టిగ చెయ్" అన్నాను. చేసింది.

మా ప్రిన్సిపాల్ సారు ఫిజిక్సాయన, మంచివాడే. తనిఖీ బృందం వచ్చే ఏడాది కావడంతో మా రీళ్లను చూసి పొంగిపోయి, ప్రతి వీడియోకూ తన ముందుమాట ఉండాలన్నాడు. నిమిషం వీడియోలో ఆయన నమస్కారాలకే సగం పోయేది. ఆయన మనసు నొప్పించకుండా ఆ ముందుమాటను తప్పించడానికి మా తల ప్రాణం తోకకొచ్చింది. ఆ అమ్మాయి గైడు మాత్రం యూనివర్సిటీలో పెద్ద ప్రొఫెసరు, చాలా నిక్కచ్చి మనిషి. రీళ్లంటే ఆయనకు గిట్టదు, అయినా ఒక్కటి కూడా వదలకుండా చూసేవాడు. చూసి తప్పులు పట్టేవాడు.

ఇక అసలు సంగతికి వస్తాను.

తన మూడు సమాధుల మీద ఆ అమ్మాయి ఒక రీల్ చేసింది. రీల్స్ చేసేవాళ్లకు ఒక కిటుకు ఉంది, మీకూ తెలిసే ఉంటుంది. మొదటి భాగంలో ఊరించి, అసలు మాట రెండో భాగానికి దాచిపెడతారు. ఆమె అదే చేసింది. "మా జిల్లాల ఒక రహస్యం ఉన్నది. వేల ఏండ్ల సంది ఎవలు తెరవలే. గీ బండల కింద ఏమున్నదో రెండో భాగంల చెప్త" అని ముగించింది. నాకు చూపించింది. బ్రహ్మాండంగా ఉందన్నాను.

అది మేమెప్పుడూ చూడనంతగా తిరిగింది. ఆ మధ్యాహ్నమే గైడు ఆ వీడియో కింద అందరికీ కనబడేలా రాశాడు: "ప్రదేశం వివరాలు ఏవి? స్థలం చెప్పని పరిశోధన పరిశోధన కాదు." మా వృత్తిలో ఆ మాటకు తిరుగులేదు. వ్యాసం రాస్తే మొదటి పేరాలోనే ఊరు, దిక్కు, దూరం, ఎవరి భూమి అన్నీ ఉండాలి. లేకపోతే ఎడిటరు తిప్పి పంపుతాడు. పదిమంది నిపుణులు చదివే పత్రికకు అది సరే. ఆ అమ్మాయి బుద్ధిగా ఊరి పేరు, రోడ్డు నుంచి ఎటు తిరగాలో, ఎవరి చేను పక్కనో రాసి, మ్యాపులో గుర్తు కూడా పెట్టింది. గైడు దానికి బొటనవేలు బొమ్మ పెట్టాడు. మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. చెప్పాల్సిన ముక్కను రెండో భాగానికి దాచాం, దాచాల్సిన ముక్కను లోకమంతటికీ చెప్పాం.

రెండో భాగం తీసేలోపే ఫోన్ వచ్చింది. పొద్దున కాలేజీకి వచ్చి ఇంకా బ్యాగు కూడా దించలేదు ఆమె. చేనుగల రైతు. ఆయన మాటలు ఫోన్ చెవి దగ్గర ఉండగానే నాకు వినిపించాయి.

"ఏం బిడ్డా, మంచిగున్నవా? నువ్వు పెట్టిన వీడియోకు నా చేను ఆగమైంది. రాత్రి ఎవలో వచ్చి ఒక గుండు కింద తవ్విన్రు. పూత మీదున్న పత్తంత తొక్కి పెట్టిన్రు. నిమ్మకాయలు, కుంకుమ, కొబ్బరి చిప్పలు... మా ఆడోళ్లు చేనుకు రామంటున్నరు. డోజర్ ట్రాక్టర్ మాట్లాడిన. మూడింటికి మూడు పెకిలిచ్చి కుంటల పడేస్త. నా ఇంట్ల అన్నం తిన్నదానివి, చెప్పకుంట చెయ్యద్దని ఫోన్ జేసిన. గంతే."

"బాపూ, ఆగుండ్రి బాపూ, నేనొస్తున్న" అంటూనే ఉంది, ఆయన పెట్టేశాడు. ఆమె కుర్చీలో కూలబడింది. ఇద్దరం కూలబడితే లేపేదెవరు? "లే, బస్సుకు పోదాం" అన్నాను.

గేటు దాటకముందే ప్రిన్సిపాల్ సారు ఎదురొచ్చాడు. స్టాఫ్ రూములోంచి వార్త ఆయనకు అప్పుడే చేరింది. "మేడం, అన్ని వీడియోలు ఇప్పుడే తీసెయ్యండి. మల్ల చెయ్యద్దు. కాలేజీ పేరు ఎక్కడ రావద్దు." నిన్నటిదాకా ముందుమాట చెప్తానన్న మనిషి! ఆయన్ని కూడా తప్పుపట్టలేను, తనిఖీ నెత్తి మీద ఉంది. సంగతి తెలిసి దారిలో గైడు ఫోన్ చేశాడు. ఆయన మాట మరీ చల్లగా ఉంది. "సరే, తవ్వేశారు కదా. లోపల ఏమున్నాయో చూడు, ఫోటోలు తీసుకో, ఎవరికీ చూపించకు. నువ్వు థీసిస్ ఇచ్చేదాకా ఒక్క ముక్క బయటికి పోకూడదు. పోతే వేరేవాళ్లు ముందు అచ్చు వేసుకుంటారు, నీకు కొత్తగా చెప్పడానికేమీ మిగలదు. అప్పుడు నేనేం చేయలేను." పురావస్తు శాఖకు నేనే ఫోన్ చేశాను. అక్కడి అధికారి ఓపిగ్గా విని, ఎల్లుండి తామే వస్తామని, అప్పటిదాకా ఏదీ ముట్టుకోవద్దని చెప్పాడు. వీడియో తీయొచ్చా అంటే తీసుకోండి, ముట్టుకోకండి చాలు అన్నాడు.

ఆమె ఒడిలోని ఫోన్ తెరిచింది. మా మొదటి భాగాన్ని తీసేసింది. బస్సు దిగి ఆటో ఎక్కాక, "అయిపోయింది మేడం" అంది.

చేను దగ్గర డోజర్ ట్రాక్టరు నిలబడే ఉంది. డ్రైవరు నీడన కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. పత్తి మొక్కలు పడుకుని ఉన్నాయి, పూత మట్టిలో కలిసిపోయింది. మూత బండ రెండు ముక్కలై పక్కకు దొర్లింది. గుంతలో నలుపూ ఎరుపూ కలిసిన కుండ పెంకులు, ఒక తుప్పు పట్టిన ఇనుప ముక్క, చెల్లాచెదురైన ఎముకలు. ఏళ్ల తరబడి కుంచెతో, చెంచాతో మెల్లగా తీయాలని కలగన్న మట్టి అది, పారతో తిరగేసి ఉంది. ఆమె గుంత అంచున కూలబడి ఏడ్చింది. నాకూ ఏడుపు వచ్చింది. దొంగ వెధవల్లారా అని గాలిలోకి తిట్టాను.

రైతు మమ్మల్ని పలకరించలేదు. తలకు తువ్వాల చుట్టుకుని దూరంగా నిలబడ్డాడు. పొద్దున వచ్చిపోయేవాళ్లు తొక్కుతారని గుంత బయట పడ్డ పెంకుల్ని కొన్ని ఏరి ఒక గంపలో వేశాడట, అది ఆయన కాళ్ల దగ్గర ఉంది.

అప్పుడే ఇద్దరు బండి మీద వచ్చి రోడ్డు మీద ఆగారు. ఒకడు ఫోన్ చూపిస్తూ, "అన్నా, గీ రీల్ల చూపెట్టిన బంగారం గుండ్లు గియ్యేనా?" అన్నాడు.

రైతు మట్టిగడ్డ తీసుకుని విసిరాడు. వాళ్లు బండి తిప్పుకుని పోయారు. "చూసిన్రా మేడం? పొద్దటి సంది గిదే లొల్లి. తీసేసినం, తీసేసినం అంటరు. ఏం తీసేసిన్రు?"

వాళ్లు బండి తిప్పేలోపు నేను వాడి ఫోన్‌లో ఒక్క క్షణం చూశాను. మా వీడియోనే. ఎవరో కత్తిరించి, వెనక డప్పులు పెట్టి, పైన పసుపు అక్షరాలతో బంగారం అని రాసి తమ పేజీలో పెట్టుకున్నారు. ఊరి పేరు మాత్రం తప్పు లేకుండా రాశారు. మేం మా దగ్గర తీసేశాం, జనం దగ్గర ఉన్నది ఉన్నట్టే ఉంది. ఆ మాటే ఆమెతో అన్నాను. "తీసేసుడుతోటి పని కాదు బిడ్డా. లోపల ఏమున్నదో చూపియ్యాలె. గిప్పుడే."

ఆమె తలెత్తింది. "చూపిస్తే నా థీసిస్ల ఏం మిగుల్తది మేడం? సార్ చెప్పింది విన్నరు గద. ఎవలో ఒకలు ముందుగాల రాసుకుంటరు. నేను గెస్టుగనే ఉంటనా జన్మంత?"

"చూపియ్యకుంటే గా రెండు మిగలయి."

అనేశాను గానీ, అనడానికి నాకేం పోయింది? నా పెన్షన్ నాకు వస్తుంది. పోయేది ఆమెది. అందుకే ఆ తర్వాత నోరు మూసుకున్నాను. నా జన్మలో నేను నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ, అది ఒకటి. ఆమె గుంతలోకి చూసింది, మూత తీయని మిగతా రెండింటి వైపు చూసింది. రైతు మా ఇద్దరినీ చూస్తున్నాడు. "పొద్దుగూకేదాక ఆగుత. గంతకంటె ఎక్కువ నాతోని కాదు" అన్నాడు.

ఆమె చీర చెంగుతో ముఖం తుడుచుకుంది. "ఫోన్ పట్టుండ్రి మేడం" అంది.

మొదటిసారి సగం మాటకే ఆగి, మళ్లీ తియ్యమంది. రెండోసారి భయానికి మళ్లీ పుస్తకం భాషలోకి పోయింది, "ప్రాచీన ఖనన సంప్రదాయము" అని మొదలుపెట్టింది. డ్రైవరు నవ్వాడు. నేను ఫోన్ దించేసి, "మందిని ఊరించేది లేదు, రెండో భాగం లేదు. ఎరుకైంది ఎరుకైనట్టు, ఎరుకలేనిది లేనట్టు చెప్పు" అన్నాను. ఆమె రైతు వైపు తిరిగింది. "బాపూ, నేను లోపలియి ముట్టద్దు. మీ గంపల ఉన్నయి చూపెడ్తరా?" ఆయన అయిష్టంగానే గంప ఎత్తి పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

మూడోసారి ఇలా చెప్పింది. ఆ మాటలు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

"మీరు బంగారం అన్నరు. చూడుండ్రి. గిది కుండ పెంకు. గది తుప్పువట్టిన ఇనుము. గవి మనిషి బొక్కలు. ఆడమనిషో మగమనిషో నాకింక ఎరుకలేదు. ఇంట్ల మనిషి చచ్చిపోతే, ఏడ్చుకుంట తెచ్చి ఈడ బొందపెట్టిన్రు. పక్కన కుండ పెట్టి పోయిన్రు. గింత పెద్ద బండ ఎందుకు పెట్టిన్రంటే, ఎవలు కదిలియ్యద్దని పెట్టిన్రు. గీ బొందను మీరు తవ్విన్రు. మీ తాత బొందను గిట్ల ఎవలన్న తవ్వితే ఊకుంటరా? ఈడ బంగారం లేదు. ఎన్నడు లేకుండె."

ఫోన్ ఆపేశాను. రైతు చేతిలో గంప అలాగే ఉంది.

"బొందలా గివి?" అన్నాడు.

"అవును బాపూ."

"రాకాసులయి కావా?"

"కాదు బాపూ. మన లెక్కనే మనుషులయి."

"మరి గిది మొదలు చెప్పకపోతివేంది నాకు? మూడేండ్ల సంది వస్తున్నవ్, టేపు పెట్టి కొలుస్తున్నవ్, కాయిదాలల్ల రాసుకుంటున్నవ్. గా వీడియోలన్న చెప్పకపోతివి!"

"రెండో భాగంల చెప్దామనుకున్న బాపూ."

"రెండో భాగమట!" ఆయన నా వైపు తిరిగాడు. "ఇన్నరా మేడం? రెండో భాగమట! చిన్నప్పటి సంది గీ బండ మీద కూసోని సద్ది తిన్న. ఎవలి బొంద మీద కూసున్ననో, ఏం పాపమో. ఏటేటా పెత్తరమాసకు మా పెద్దలకు పెడుతం, గీ పెద్దమనిషి పక్కన కుండ ఉన్నది చూడు, ఆకలైతదనే గద పెట్టిన్రు..." గంపను మెల్లగా, పిల్లాణ్ని పడుకోబెట్టినట్టు, గుంత పక్కన దించాడు.

డ్రైవరు లేచి బీడీ పారేశాడు. "అన్నా, నేను బొందల మీదికెల్లి ట్రాక్టర్ నడుప. ఇంకెవలనన్న చూసుకో" అని ఎక్కి స్టార్టు చేశాడు. రైతు ఆపలేదు. ఇంటికి వెళ్లి టార్పాలిన్ తెచ్చాడు, ముగ్గురం కలిసి గుంత మీద కప్పి అంచులకు రాళ్లు పెట్టాం. నిమ్మకాయల్ని ఆయన కాలితో దూరంగా తన్నాడు.

గట్టు మీద కూర్చుని ఆమె వీడియో పెట్టింది. ఊరి పేరు రాయలేదు, గుర్తు పెట్టలేదు. పెట్టే ముందు వేలు ఒకసారి ఆగింది. నేను పక్కకు చూశాను. తర్వాత, "పెట్టిన మేడం" అన్న మాట వినిపించింది.

మొదటి రీల్‌కు వచ్చినంత మంది దీనికి రాలేదు. మీకు నిజం చెప్పాలి కదా, రహస్యానికి ఉన్న గిరాకీ నిజానికి ఉండదు. కానీ ఎక్కడ తిరగాలో అక్కడ తిరిగింది. ఆ చుట్టుపక్కల ఊళ్ల గ్రూపులన్నింటిలో తిరిగింది. ఆ తర్వాత కూడా ఒకరిద్దరు వస్తే రైతు అదే వీడియో వాళ్ల ముఖం ముందు పెట్టి, చూడండని నిలబెట్టి పంపేవాడట. అన్నట్టే మూడో రోజు అధికారులు వచ్చారు, చెదిరినవన్నీ పద్ధతిగా నమోదు చేసుకుని తీసుకెళ్లారు. మిగిలిన రెండింటి బండలు కదల్లేదు.

గైడు చెప్పిందీ జరిగింది. కొన్ని నెలలకే ఎవరో ఆ వీడియోలోంచి బొమ్మలు తీసుకుని, ఆమె పేరు లేకుండా ఒక వ్యాసం వేసుకున్నారు. గైడు చాలాకాలం ఫోన్ ఎత్తలేదు. ఆమె థీసిస్‌లో వెన్నెముక లాంటి అధ్యాయం కూలిపోయింది. ఆ ఏడాది ఆమె పడ్డ పరేషాన్ నేను దగ్గరుండి చూశాను. కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని రాసేది. ఏడ్చేది, కొట్టేసేది, మళ్లీ రాసేది. చివరకు కొత్త అధ్యాయం రాసింది, ఈ గుండ్లను ఊళ్లవాళ్లు ఏమనుకుంటున్నారు, నిజం చెబితే ఏం చేస్తున్నారు అని. రీళ్లు ఆపిందనుకుంటున్నారేమో. ఒక్క వారం కూడా ఆపలేదు. ప్రిన్సిపాల్ సారు వద్దంటే కాలేజీ పేరు తీసేసి చేసింది. ఈలోగా నేను రిటైరయ్యాను, శాలువా కప్పించుకుని ఇంటికొచ్చాను.

ఆమె వైవా రోజు యూనివర్సిటీ హాల్లో వెనక వరసలో కూర్చున్నాను. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు థీసిస్ తిరగేసి, అద్దాల పైనుంచి చూశాడు. "అమ్మా, అంతా బాగుంది. ఈ సమాధులున్న ఊరు ఏదో ఎక్కడా రాయలేదే? స్థలం లేని థీసిస్ నేను ఇప్పటిదాకా చూడలేదు."

గైడు ముఖం చూశాను. చెమట తుడుచుకుంటున్నాడు.

"పురావస్తు శాఖకు కవర్లో ఇచ్చిన సార్. మీకు కావాలంటే ఒక్కరికే చూపిస్త. పుస్తకంల రాయను." అంది ఆమె. "ఒకసారి రాసిన సార్. రాసినందుకు ఒకటి పోయింది."

ఎగ్జామినరు కలం మూత పెట్టి ఆలోచిస్తున్నాడు. ఇంతలో గైడు గొంతు సవరించుకుని, "అవును సార్, అది నేనే తీసేయమన్నాను. ఇకమీదట మా డిపార్ట్‌మెంటు పద్ధతి ఇదే" అన్నాడు. ఓరి నాయనో! నాకు నవ్వాగలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. పోనీలెండి, చివరికైనా ఆమె పక్కన నిలబడ్డాడు. ఎగ్జామినరు తలూపాడు.

"సభలో ఎవరికైనా ప్రశ్నలుంటే అడగవచ్చు" అన్నారు అధ్యక్షస్థానంలో ఉన్నాయన.

ఒక మూల నుంచి తువ్వాల భుజాన వేసుకుని ఒకాయన లేచాడు. ఎప్పుడొచ్చాడో, ఎన్ని బస్సులు మారి వచ్చాడో, మా రైతు. "నేనొకటి అడగొచ్చునా సారూ? బిడ్డా, నువ్వు గిప్పుడు డాక్టరువైతవ్ గద. మరి మిగిలిన రెండింటిని తెరుస్తవా?"

ఆమె కళ్లు నిండాయి. "మీరు తెరువుమనేదాక తెరువ బాపూ."

"అయితే మంచిది" అని ఆయన కూర్చోబోయాడు.

అధ్యక్షులవారికి ముచ్చటేసింది. కాగితం మీద రాసుకోవడానికి కలం తీసి, నవ్వుతూ అడిగారు. "మంచి ప్రశ్న వేశారు పెద్దాయనా. మీరెవరు? మీది ఏ ఊరు?"

రైతు ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు, తువ్వాల సర్దుకున్నాడు.

"గదొక్కటి అడగకుండ్రి సారూ."